పక్షవాతం వ్యాయామాల వీడియోలు: అమ్మ విషయంలో దేన్ని నమ్మాలి?

పలాస_పిల్ల
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 58. ఆరు వారాల కిందట తెల్లవారుజామున పెరట్లో ముఖం కడుక్కుంటూ ఒరిగిపోయింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. మాట బాగానే ఉంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించేశారు. ఊరికి ఫిజియో వారానికి రెండుసార్లు వస్తారు, నలభై నిమిషాలు చేయిస్తారు. మిగతా ఐదు రోజులూ మాకు యూట్యూబే ఫిజియో.

నేను శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఊరు వెళ్తాను. ఇంట్లో తమ్ముడు, పిన్ని చూసుకుంటున్నారు. తమ్ముడు ఒక వీడియో పెడితే పిన్ని ఇంకొకటి పెడుతుంది. కువైట్‌లో ఉన్న మా బావ పూటకి పది పంపుతాడు. ఒకాయన రబ్బరు బంతి నొక్కమంటాడు, ఇంకొకామె బంతి ముట్టుకోవద్దంటుంది. ఒకరు చెయ్యి తల మీదకి లాగమంటారు, మరొకరు భుజం జాగ్రత్త అంటారు. అన్నిటికీ లక్షల్లో వ్యూస్. అందరూ తెల్లకోటే.

ఒక వీడియో పేరు "21 రోజుల్లో నడక". అమ్మ పక్కా లెక్క మనిషి, జీడిపప్పు ఫ్యాక్టరీలో కిలోల లెక్కన కూలి తీసుకున్న మనిషి. 22వ రోజు పొద్దున్న నన్ను పిలిచి, "నాకేటే ఇంకా రాలేదు? నేను సరిగ్గా సెయ్యట్లేదేటి?" అంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

ఈ వీడియోల్లో మంచి చెడ్డ ఎలా పోల్చుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కువైట్_బావ
ఆదివారం, రాత్రి 10:05

చెల్లెమ్మా, మీ బావని కాదు గానీ నేనూ ఆ జాతోడినే. మా నాన్నకి కాలు పడిపోయినప్పుడు ఇక్కడ క్యాంపులో రాత్రిళ్లు కూకోని నలభై వీడియోలు ఏరి పంపినాను. ఎల్లలేను, పట్టుకోలేను, ఇంకేటి సేస్తాను? డబ్బులు పంపడం, వీడియోలు పంపడం, అంతే. అందులో ఏది మంచిదో నాకూ తెలీదు. కాబట్టి బావ మీద కోప్పడకండి.

ఇజినారం_ఫిజియో
ఆదివారం, రాత్రి 10:31

నమస్తే అమ్మా. విజయనగరంలో పదకొండేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఫిజియో చేస్తున్నాను. వీడియోల సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకు కొన్ని చెప్పండి.

అమ్మ ఎడమ భుజం దగ్గర, కీలు కింద వేలు పెట్టి చూస్తే పల్లంగా తగులుతోందా? చెయ్యి వదులుగా వేలాడుతోందా, లేక మోచెయ్యి ముడుచుకుని బిగుసుకుంటోందా? కూర్చుంటే తనంతట తాను ఆగుతోందా? ఇంకోటి, వింతగా అనిపిస్తుంది గానీ చెప్పండి: అన్నం ఎలా తింటోంది?

పలాస_పిల్ల
ఆదివారం, రాత్రి 10:58

మేడమ్, తమ్ముడికి ఫోన్ చేసి చూడమన్నాను. భుజం దగ్గర ఒక వేలు పట్టేంత పల్లం ఉందట. చెయ్యి వేలాడుతోంది, వేళ్లు మాత్రం కాస్త ముడుచుకుంటున్నాయి. ఆనుకోకుండా కూర్చోగలదు.

అన్నం ఎందుకు అడిగారో గానీ... అమ్మ కంచంలో సగం వదిలేస్తోంది. కుడి పక్క అన్నం శుభ్రంగా తినేసి, ఎడమ పక్కది అలాగే ఉంచి "అయిపోయింది" అంటుంది. ఆకలి తగ్గిందనుకున్నాం. పిన్నయితే "కూర నచ్చలేదేమో" అని రోజూ కూర మారుస్తోంది.

ఇజినారం_ఫిజియో
ఆదివారం, రాత్రి 11:20

అనుకున్నాను. కూర తప్పు కాదమ్మా. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క ప్రపంచం ఉన్నట్టే అనిపించదు. కన్ను బాగానే ఉంటుంది, మనసు అటు పోదు. ఎడమ చెయ్యి మంచం అంచున నలుగుతున్నా పట్టించుకోరు, నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటారు. ఆసుపత్రిలో చెప్పే ఉంటారు, ఆ హడావిడిలో మీ చెవిన పడి ఉండదు. మీ ఫిజియోకీ, డాక్టరుకీ ఈ కంచం సంగతి తప్పకుండా చెప్పండి.

రేపటి నుంచి కంచం ఎడమ అంచున ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. "ఎర్ర గీత కనిపించేదాకా తిను" అనండి. మాట్లాడేవాళ్లు ఎడమ పక్కన కూర్చోండి. ఒంటరిగా మాత్రం నడవనివ్వద్దు.

ఇప్పుడు వీడియోల మాట. "21 రోజుల్లో నడక" చెప్పినాయన మీ అమ్మని కంచం గురించి అడిగాడా? అడగలేడు. వీడియోలో చెప్పింది అబద్ధమో నిజమో తేల్చుకోవడం ఒక ఎత్తు. నిజమే అయినా, ఎడమ పక్క ఉందనే తెలియని మనిషికి "నిలబడి పక్కకి అడుగు వేయండి" అంటే పడి తుంటి విరుగుతుంది.

ఆ వేలు పట్టే పల్లం అంటే భుజం కీలు జారిందని. అది ఉన్నన్నాళ్లు చంక కింద చేతులు వేసి లేపొద్దు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దు. తల మీదకి ఎత్తించే వీడియోలు అసలు వద్దు.

గంటస్తంభం
సోమవారం, ఉదయం 6:15

తల మీదకి ఎత్తించడం అనగానే ఆగలేకపోయాను. మా ఇంటి కథ చెప్తాను.

మూడేళ్ల కిందట మా నాన్నగారికి వచ్చింది, కుడి పక్క. ఒక వీడియోలో తలుపు పైన చిన్న కప్పీ బిగించి, తాడుకి రెండు కొసలా రెండు చేతులూ పెట్టి, మంచి చేత్తో కిందికి లాగితే పడిపోయిన చెయ్యి పైకి లేస్తుంది. చూడ్డానికి ఎంత బాగుందో. మా అటక మీద పాత నూతి గిలక ఉంది, బోరు వేశాక ఎవరూ ముట్టుకోలేదు. నేనే దించి, తుప్పు గీకి, ఆముదం వేసి వసారా దూలానికి కట్టాను. చేతికి ఒరుసుకోకుండా తాడు కొసలకి పాత తువ్వాలు చుట్టాను. కుడి చెయ్యి పట్టు నిలవదు కదా, అందుకని తువ్వాలుతోనే ముడేసి కట్టేశాను.

నాన్న కూడా సరదాపడ్డారు. "నీళ్లు తోడుతున్నానురా" అని నవ్వేవారు. కిర్రు, కిర్రు, కిర్రు. రోజుకి వంద. మూడో రోజున నేను ఆ వీడియో కింద "చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు" అని కామెంటు కూడా పెట్టాను.

తొమ్మిదో రోజు రాత్రి నాన్న ఏడవడం మొదటిసారి విన్నాను. తర్వాత నాలుగు నెలలు చొక్కా చెయ్యి తొడగనివ్వలేదు. నొప్పికి భయపడి మిగతా వ్యాయామాలూ మానేశారు. అసలు నష్టం అక్కడ.

ఆ వీడియో ఇప్పటికీ ఉంది. నా కామెంటు కింద ఎవరో "గిలక ఎక్కడ కొన్నారు బ్రదర్" అని అడిగారు. తొమ్మిది మంది లైక్ కొట్టారు.

ఇజినారం_ఫిజియో
సోమవారం, ఉదయం 7:02

బాధగా ఉందండి. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, ఒకప్పుడు క్లినిక్కుల్లోనే కప్పీలు ఉండేవి. 2016లో వచ్చిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో పక్షవాతం రోగులకి తలపై కప్పీ వ్యాయామం వద్దని రాశారు. మామూలుగా చెయ్యి ఎత్తితే వెనక రెక్క ఎముక కూడా తిరుగుతుంది. కండరాలు పడిపోయినప్పుడు రెక్క తిరగదు, చెయ్యి మాత్రం తాడు లాగినంత లేస్తుంది. మధ్యలో ఉన్న మెత్తటి భాగాలు నలిగిపోతాయి. వీడియో తీసినాయనకి ఇది తెలియక కాకపోవచ్చు. భుజం గట్టిపడిన మామూలు మనిషి కోసం తీసి, పేరులో "పక్షవాతం" తగిలించి ఉంటారు.

చీపురుపల్లి_కట్
సోమవారం, మధ్యాహ్నం 1:18

పేరులో తగిలించడం నా వృత్తి కాబట్టి చెప్తున్నాను. నేను వీడియో ఎడిటర్ని. విశాఖలో రెండేళ్లు హెల్త్ ఛానెళ్లకి పనిచేశాను.

డాక్టర్లు, ఫిజియోలు అందరూ దొంగలేం కాదు. కెమెరా ముందు చాలామంది బాగానే చెప్తారు. "ఇది ఎవరు చెయ్యకూడదంటే..." అని ఒక నిమిషం చెప్తారు. ఆ నిమిషం దగ్గరే గ్రాఫ్ పడిపోతుంది, జనం జారుకుంటారు. ఓనరు పిలిచి "అక్కడ లాగ్ అవుతోంది, కొట్టెయ్" అంటాడు. కొట్టేసేది నేనే. రోగి వయసెంత, జబ్బు వచ్చి ఎన్నాళ్లైంది, ఏ పక్క అన్నవి కూడా లాగ్ కిందే లెక్క. మొదటి రోజు మంచం మీద, నలభయ్యో రోజు నడుస్తూ, రెండు ముక్కలూ పక్కపక్కన పెడతాం. మధ్యలో ఏం జరిగిందో నాకే తెలియదు.

ఇంకోటి. 2021 నవంబరు నుంచి యూట్యూబ్ డిస్‌లైక్ లెక్క చూపించడం మానేసింది. గంటస్తంభం గారి నాన్నలాంటివాళ్లు వంద మంది కింద వేలు చూపించినా చూసేవాడికి తెలిసే దారి లేదు. కామెంట్లేమో మూడో రోజు పెడతారు, తొమ్మిదో రోజు మళ్లీ వచ్చి ఎవరూ రాయరు.

వంశధార_వాసి
సోమవారం, సాయంత్రం 5:44

అన్నీ తప్పులే చెప్తున్నారు, మంచి కూడా చెప్పండి. మా చిన్నాన్నకి నరసన్నపేటలో కాలూ చెయ్యీ పడిపోతే ఒక వీడియో చూసి తైలం తెప్పించాం. ఇరవై రోజుల్లో లేచి గుమ్మం దాకా నడిచాడు. ఇది కళ్లారా చూసింది. ఇంగ్లీషు మందుల వాళ్లకి ఇవి పడవు. తైలం నంబరు ఇదిగో: [తొలగించబడింది]

నిర్వాహకులు
సోమవారం, సాయంత్రం 6:10

ఫోన్ నంబరు తీసేశాం. మందుల అమ్మకాలు, నంబర్లు ఇక్కడ వద్దు. అనుభవం చెప్పడానికి అభ్యంతరం లేదు.

లెక్కల_మేడమ్
సోమవారం, రాత్రి 8:25

వంశధార గారూ, చిన్నాన్నగారు లేచి నడవడం సంతోషం. అయితే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని 1954లోనే వచ్చింది. ఫలానా జబ్బులకి మా మందు పనిచేస్తుందని ప్రకటన ఇవ్వడమే నేరం, ఆ పట్టికలో పక్షవాతం ఉంది. మందు మంచిదా చెడ్డదా అన్న చర్చ దాకా కూడా పోనక్కర్లేదు. "పక్షవాతం మాయం" అని ఎవరైనా అమ్ముతుంటే ఆ వీడియోని అక్కడే మూసెయ్యొచ్చు.

ఇజినారం_ఫిజియో
సోమవారం, రాత్రి 9:03

చిన్నాన్నగారు నడవడం నిజమే అయ్యుంటుంది. మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను చాలా కోలుకుంటుంది. ఆ సమయంలో తైలం రాసినవాడికి తైలం, దిష్టి తీసినవాడికి దిష్టి, మాలాంటివాళ్లకి ఫిజియో పేరు తెచ్చిపెడతాయి. నా రోగులు కోలుకున్న దాంట్లో కూడా ఎంత నాదో ఎంత మెదడుదో విడదీసి చెప్పలేను. వాళ్ల ఆధారం మీద నేను వీడియో తీస్తే ఆ తైలం వీడియోకీ నా వీడియోకీ తేడా ఉండదు.

మృదువుగా తైలం రాస్తే ఇబ్బందేం లేదు. గట్టిగా పిసకడం, కీళ్లు విరవడం వద్దు. డాక్టరు ఇచ్చిన రక్తం పలచబరిచే మాత్రా బీపీ మాత్రా మానేస్తేనే ప్రమాదం. అవి మాన్పించారా?

వంశధార_వాసి
సోమవారం, రాత్రి 9:20

బీపీ మాత్ర వేస్తున్నాడు. రెండోది వద్దన్నారు ఆ వీడియోలో.

ఇజినారం_ఫిజియో
సోమవారం, రాత్రి 9:24

రేపు పొద్దున్నే ఆయనకి రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చేయండి. ఈ ఒక్క మాట నా కోసం వినండి.

టెక్కలి_సిస్టర్
మంగళవారం, తెల్లవారుజామున 2:50

నైట్ డ్యూటీ, ఇప్పుడే కాస్త ఖాళీ దొరికింది. వార్డులో నేను చూసేవి రెండు చెప్తాను.

మొదటిది సూది. పక్షవాతం వచ్చిన వెంటనే పది వేళ్ల కొసలా సూదితో గుచ్చి రక్తం తీస్తే మనిషి లేస్తాడని ఒక వీడియో ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. అది అబద్ధం. పావురం రక్తం రాయడం అంతకన్నా పాతది, అది వీడియో రాకముందు నుంచీ ఉంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే సమయం. అందులోనే 108కి ఫోన్ చేయాలి, దారి, సీటీ స్కాను అన్నీ అవ్వాలి. స్కాను తీస్తే గానీ గడ్డో రక్తస్రావమో తెలియదు, అందుకే ఇంట్లో ఆస్పిరిన్ నోట్లో వెయ్యొద్దంటాం.

రెండోది తిండి. "పక్షవాతం రోగికి బలమైన గంజి" అని ఒక వీడియోలో మనిషిని పడుకోబెట్టే చెంచాతో పోస్తున్నారు! గుటక సరిగ్గా పడని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొలమారితే కనీసం మనకి తెలుస్తుంది. కొందరికి పొలమారదు కూడా, తిన్నాక గొంతు గరగరలాడుతుంది, మూడో రోజుకి నిమోనియాతో వస్తారు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుటకలు, తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. గుటక పరీక్ష చేయకుండా నోటికి ఏదీ ఇవ్వకూడదు.

ఉద్దానం వైపు వాళ్లకి ఇంకో మాట. భుజం నొప్పికి వీడియోలో చెప్పిన మాత్రలు మందుల కొట్లో అడిగి వేసుకోవద్దు. మన వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువని తెలిసిందే కదా, నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు.

పలాస_పిల్ల
మంగళవారం, ఉదయం 7:30

సిస్టర్, చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా ఇంట్లో జరిగింది అదే. పక్కింటాయన ఫోన్లో చూపిస్తూ అమ్మ ఎడమ చేతి ఐదు వేళ్లకీ గుచ్చాడు. మంచికే చేశాడు, చేతులు వణుకుతున్నాయి ఆయనకి. తర్వాత ఆటో, తర్వాత ఒక చిన్న ఆసుపత్రి, అక్కణ్ణుంచి ఇంకోటి. స్కాను దగ్గరికి వెళ్లేసరికి ఆరు గంటలు దాటింది. ఇంజెక్షన్ సమయం అయిపోయిందన్నారు. అప్పుడు ఆ మాట అర్థం కాలేదు.

ఎర్ర గీత గీశాం. అమ్మ మొదటిసారి కంచం మొత్తం తింది. పిన్ని ఏడ్చేసింది.

కువైట్_బావ
మంగళవారం, ఉదయం 8:12

ఓర్నాయనో. ఆ సూది వీడియో నానూ పంపినాను. ఎంతమందికి పంపినానో లెక్క లేదు. ఇప్పుడే గ్రూపులన్నింట్లో తప్పని పెడుతున్నాను.

లెక్కల_మేడమ్
మంగళవారం, రాత్రి 8:40

మొదటి ప్రశ్నకి వద్దాం: పోల్చుకోవడం ఎలా? దీనికి కొలబద్దలున్నాయి. డిసర్న్ అని 1999లో ఆక్స్‌ఫర్డ్‌లో తయారైంది, 16 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. వీడియోల కోసం చేసింది కాదు, చికిత్సల గురించి రాసిన సమాచారం కోసం. ఇప్పుడు పరిశోధకులు వీడియోలకీ వాడుతున్నారు. సమాచారం ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పారా? లాభంతో పాటు నష్టమూ చెప్పారా? ఈ చికిత్స తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పారా? వేరే దారులున్నాయని చెప్పారా? తెలియని చోట తెలియదన్నారా?

నిన్న రాత్రి సరదాగా ఒక బాగా పేరున్న తెలుగు వీడియోకి మార్కులు వేశాను. నష్టం దగ్గర 1. తెలియదనడం దగ్గర 1. పదో తరగతి పిల్లల పేపర్లలో కూడా ఇన్ని ఒకట్లు వెయ్యలేదు.

గంటస్తంభం
మంగళవారం, రాత్రి 9:01

మేడమ్, గౌరవంతోనే అడుగుతున్నాను. రాత్రి పదకొండింటికి, నాన్నకి మూత్రం డబ్బా పట్టి, మందులు వేసి, ఫోను తీసినవాడు 16 ప్రశ్నలు వేస్తాడా?

లెక్కల_మేడమ్
మంగళవారం, రాత్రి 9:15

వెయ్యడు, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్కటి చూడమనండి: "ఎవరు చెయ్యకూడదు" అన్న మాట ఆ వీడియోలో ఎక్కడైనా ఉందా? చీపురుపల్లి గారు కోసేసేది సరిగ్గా అదే కదా.

చీపురుపల్లి_కట్
మంగళవారం, రాత్రి 9:22

దెబ్బ బాగా తగిలింది మేడమ్ 🙂

బొబ్బిలి_మాస్టారు
బుధవారం, ఉదయం 10:30

నేను రోగిని. నాకు వచ్చి నాలుగేళ్లు. కుడి చెయ్యి రాదు. ఎడమ చేత్తో, ఫోనుకి చెప్పి, మా మనవరాలు సరిచేసి, రాస్తున్నాను.

ఎవరూ నాతో మాట్లాడలేదు. వీడియోలు మా అబ్బాయితో మాట్లాడతాయి. "మీ రోగిని ఇలా తిప్పండి." నేను పక్కనే ఉన్నాను.

మాట పోయింది నాకు. గొడుగు చూసి గొడుగు అనలేకపోయేవాణ్ణి. ముప్ఫై ఐదేళ్లు తెలుగు చెప్పాను. మంచినీళ్లు అడగలేకపోయేవాణ్ణి, కానీ శతక పద్యం ఎత్తుకుంటే నాలుగు పాదాలూ వచ్చేవి. ఇంట్లోవాళ్లు నటిస్తున్నాననుకున్నారు. అలా జరుగుతుందని ఏ వీడియో చెప్పలేదు. విశాఖలో స్పీచ్ థెరపిస్టు అమ్మాయి చెప్పింది. పద్యం దారి వేరు, అడగడం దారి వేరు.

మాట కోసం తెలుగులో వీడియో వెతికాను. ఇంగ్లీషువి ఉన్నాయి. ఆపిల్, బాల్, క్యాట్. నాకు కావలసింది గొడుగు, చేద, పీట.

వేగం 0.75 పెట్టుకుని చూడండి. రోగికి అందుతుంది. ఇది మా మనవరాలు కనిపెట్టింది.

ఆరు నెలల తర్వాత ఇక రాదు అని ఒక వీడియో. నాకు గొడుగు అన్న మాట మూడో ఏట వచ్చింది. వానాకాలం.

పలాస_పిల్ల
బుధవారం, మధ్యాహ్నం 12:05

మాస్టారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "ఆయన్ని ఒకసారి సూడాల" అంది.

ఇజినారం మేడమ్, ఒక్క సందేహం. నష్టం చేసేవి తెలిశాయి. అలాగని వీడియోలు మానేస్తే మిగతా ఐదు రోజులు అమ్మ మంచం మీదే ఉంటుంది. అదీ నష్టమే కదా?

ఇజినారం_ఫిజియో
బుధవారం, రాత్రి 10:10

నష్టమే. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

2009లో వచ్చిన ఒక అధ్యయనం కోసం అమెరికా, కెనడా క్లినిక్కుల్లో కూర్చుని లెక్కపెట్టారు: ఒక సెషన్‌లో రోగి చేత్తో చేసిన పనికొచ్చే కదలికలు సగటున 32. జంతువుల మీద మెదడు మార్పు చూసిన ప్రయోగాల్లో ఆ కదలికలు వందల్లో ఉంటాయి. అవసరమైన వాళ్లకి రోజుకి మూడు గంటలు, వారానికి ఐదు రోజులు ఇవ్వాలని చికిత్స మార్గదర్శకాలు రాసే ఇంగ్లండ్ నైస్ సంస్థ 2023లో చెప్పింది. మీకు దొరుకుతోంది వారానికి గంటా ఇరవై నిమిషాలు. జనం యూట్యూబ్ వైపు పోతే వాళ్లని తిట్టి లాభం లేదు. ఖాళీ అంత పెద్దది.

ఇంటివాళ్లకి నేర్పితే చాలదా అని మన దేశంలోనే పరీక్షించారు. అటెండ్ అని 14 ఆసుపత్రుల్లో 1250 మంది మీద చేసిన అధ్యయనం, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కుటుంబానికి శిక్షణ ఇచ్చి పంపినవాళ్లకీ, మామూలుగా పంపినవాళ్లకీ ఆరు నెలలకి చావులోనూ ఇతరుల మీద ఆధారపడటంలోనూ తేడా రాలేదు. నాకు ఆ ఫలితం మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. మనుషులు ఎదురుగా కూర్చుని నేర్పితేనే అంత తేలిగ్గా తేడా రాలేదంటే, మీ అమ్మని చూడని వీడియో "21 రోజులు" అని ఎలా చెప్తుంది?

బంతి సంగతి అడిగారు. మీ అమ్మకి వేళ్లు ఇప్పటికే ముడుచుకుంటున్నాయి. మూయడం చెయ్యి ఎలాగూ చేసుకుంటోంది, రాని పని తెరవడం. అందుకే నేనైతే బంతి ఇవ్వను. వేళ్లు అసలు కదలని మనిషికి ఇంకోలా చెప్తానేమో. అద్దం ముందు మంచి చెయ్యి కదిలిస్తూ, పడిపోయిన చెయ్యి కదులుతున్నట్టు చూసుకునే వ్యాయామం వీడియోల్లో బాగానే చూపిస్తారు. తెగిన చెయ్యి నొప్పికి మెదడు శాస్త్రవేత్త, మన వీ.ఎస్. రామచంద్రన్ వాడిన అద్దం పెట్టె నుంచి వచ్చింది అది. మీ ఫిజియోని అడిగి చేయించొచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, మంచం నుంచి కుర్చీలోకి మార్చడం చూపించే వీడియోలు కూడా చూడండి, అవి ఇంటివాళ్ల నడుముని కాపాడతాయి.

ఒక పని చేయండి. మీ ఫిజియో వచ్చినప్పుడు తమ్ముడి ఫోన్ ఇచ్చి, అమ్మ మీదే వీడియో తీయమనండి. ఒక్కో వ్యాయామం ఒక్క నిమిషం లోపు. చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో, ఎన్నిసార్లో, ఎక్కడ ఆపాలో ఆయన గొంతుతోనే. రెండు వారాలకోసారి పాతవి చెరిపి కొత్తవి. ఒక్కరే చూస్తారు, ఆ ఒక్కరి కోసమే తీసింది.

అమ్మ ఫ్యాక్టరీలో ఏం పని చేసేవారు?

పలాస_పిల్ల
బుధవారం, రాత్రి 10:25

పప్పు ఒలిచేది మేడమ్. ఎడమ చేతి వేళ్లతో పట్టుకుని, కుడి చేత్తో చిన్న కత్తితో పొట్టు తీసేది. విరగని గుళ్లు ఒక గిన్నెలోకి, విరిగిన బద్దలు ఒక గిన్నెలోకి.

ఇజినారం_ఫిజియో
బుధవారం, రాత్రి 10:27

కత్తి వద్దు. మిగతాదంతా కావాలి.

పలాస_పిల్ల
ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:45

చెప్పకుండా ఉండలేక వచ్చాను.

మా ఫిజియో గారు మొదట "నన్ను వీడియో తీస్తారా, యూట్యూబ్‌లో పెడతారా" అని భయపడ్డారు. అర్థమయ్యాక ఆయనే ఆరు తీశారు. అమ్మ మొదటిది చూసి, "ఈ ముసల్ది ఎవర్తే" అని, తర్వాత రెండు రోజులు జడ వేయించుకుని గానీ వ్యాయామానికి కూర్చోలేదు.

ఎడమ చెయ్యి బల్ల మీద, కింద దిండు. పొట్టు తీసేసిన పప్పు ఎడమ పక్క గిన్నెలో ఉంటుంది. అమ్మ తల తిప్పి గిన్నె వెతుక్కోవాలి, అదే ఒక వ్యాయామమట. ఎడమ వేళ్లు మొదట్లో తెరిచేది కుడి చెయ్యే. మూడో వారం బొటనవేలు దానంతట అది కదిలింది, కొంచెం. ఇప్పుడు పప్పు రెండు వేళ్ల మధ్య నిలుస్తోంది, పడుతోంది, నిలుస్తోంది. నిన్న గంటసేపట్లో పదకొండు గుళ్లు గిన్నె దాటించింది. పన్నెండోది నోట్లో వేసుకుంది. తమ్ముడు వద్దనేలోపే. నిటారుగానే కూర్చుంది లెండి సిస్టర్, పొలమారలేదు.

నడక ఇంకా మనిషి సాయంతోనే. లెక్క మాత్రం మానేసింది, రోజుల లెక్క. గుళ్ల లెక్క రాసుకుంటోంది.

కువైట్_బావ
అదే రోజు, రాత్రి 8:20

చెల్లెమ్మా, మా నాన్నకీ అలగే తీయించినాను. నాలుగు వీడియోలే. ఇక్కడ రోజూ రాత్రి నానూ సూస్తన్నాను. ఆయన సేసినాడా లేదా అని ఫోన్ సేసి అడగడానికి.

వంశధార_వాసి
అదే రోజు, రాత్రి 9:50

ఇజినారం మేడమ్, ఆ రోజు డాక్టరుకి ఫోన్ చేశాం, రెండో మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. ఇంకోటి అడగాలి. చిన్నాన్న నడుస్తున్నాడు గానీ భుజం నొప్పని రాత్రిళ్లు పడుకోవడం లేదు. మీరు నరసన్నపేట దాకా రాగలరా, లేక ఇటు ఎవరైనా ఉంటే చెప్తారా?

గంటస్తంభం
అదే రోజు, రాత్రి 9:56

గిలక కట్టారా?

వంశధార_వాసి
అదే రోజు, రాత్రి 10:14

కట్టాం.